పదేళ్ళుగా ఎరుగుదును

మా వీధి మలుపులో ఒక కంప్యూటర్ అంగడి ఉంది. పరదేశపు చదువులకు దరఖాస్తులు పెట్టుకునే పిల్లలు అక్కడ గుంపుగా నిలబడి ఉంటారు. నేను పాల కోసం వెళ్తూ వాళ్ళ చేతుల్లోని కాగితాలను దూరం నుంచే చదివేస్తుంటాను. చెడ్డ అలవాటే. టైపు కొట్టి బతికినవాడికి కాగితం కనబడితే కళ్ళు ఆగవు. మొన్న ఒక అమ్మాయి తన స్నేహితురాలితో, 'సిఫారసు ఉత్తరం నువ్వే రాసి తెచ్చుకో, నేను సంతకం పెడతానన్నారు మా సార్' అని చెబుతుంటే విన్నాను. పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ అమ్మాయికి చెప్పాలనుకుని చెప్పలేకపోయిన సంగతి ఇది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాకు ఇరవై ఏళ్ళు. సర్జాపుర నుంచి పొద్దున్నే బొగ్గు బస్సెక్కి బెంగళూరు పేటకు వచ్చేవాణ్ణి. పెట్రోలు దొరకని రోజుల్లో బస్సు వెనక బొగ్గుల పొయ్యి బిగించి, ఆ ఆవిరితో నడిపేవారు. యుద్ధం అయిపోయిందన్న సంగతి మా బస్సుకు ఇంకా తెలియలేదు. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచేవాళ్ళం. పొగమంచులో ముందు నడిచేవాడి వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. నాకు మెలకువగా ఉండగానే కలలు కనే జబ్బు ఉంది. అది ఆ రోడ్డు మీదే అంటుకుంది. మంచు వెనక ఏ ఊరైనా ఉండవచ్చు కదా అనుకుంటూ నడిచేవాణ్ణి.

అవెన్యూ రోడ్డు పక్క సందులో, కోర్టుకు దగ్గరగా, మా టైపు అంగడి. ఒకే ఒక మెషీన్. యజమాని పేటలో పుట్టి పెరిగిన తెలుగాయన. మెడ దాకా బొత్తాములు పెట్టిన కోటు వేసుకుని, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ మాట విని, నాకు పని చెప్పేవాడు. ఆ మెషీన్‌లో ఇంగ్లీషు చిన్న 'జి' అక్షరానికి తోక విరిగిపోయింది. బాగు చేయించమంటే, "యుద్ధం అయినా సామాను ఇంకా యాడ దొరకతాదప్పా? తోక లేకపోతే ఏం, చదవను వస్తాదిలే" అనేవాడు. చదవడానికి వచ్చేది, నిజమే.

అప్పటి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. ఎవరికైనా యోగ్యతాపత్రం కావలసి వస్తే తమను ఎరిగిన పెద్దమనిషి దగ్గరికి వెళ్ళేవారు. ఆయన 'కొట్టించుకుని రా, సంతకం పెడతా' అనేవాడు. వాళ్ళు నేరుగా మా దగ్గరికి వచ్చేవారు. యజమాని దగ్గర నల్ల అట్ట నోటుబుక్కు ఉండేది. అందులో ఇలాంటి ఉత్తరాలకు మాదిరి వాక్యాలు రాసిపెట్టి ఉన్నాయి. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే, 'వీరిని నేను గత పదేళ్ళుగా బాగా ఎరుగుదును' అని. వచ్చినవాడు ఆ పెద్దమనిషి మొహం మొన్న దీపావళికి మొదటిసారి చూసినవాడైనా సరే, పదేళ్ళే. కొట్టిన కాగితాన్ని పెద్దమనిషి చదవకుండానే సంతకం పెట్టేవాడు. ఎదుట కూర్చుని చదివితే నమ్మకం లేనట్టు, అవమానం. ఆ పద్ధతిలో ఎవరికీ తప్పు కనిపించలేదు. నాకైతే అది పెద్దమనిషితనంలాగే కనిపించేది.

ఒకరోజు ఒకామె అంగడిలోకి వచ్చింది. తెల్లని నూలు చీర, దాని మీద లాయరు నల్ల కోటు, చేతిలో గొడుగు. పేటలో మగ్గాలు నేసే తెలుగు కుటుంబంలో పుట్టి, మద్రాసులో లా చదివి, రెండేళ్ళుగా ఇక్కడి కోర్టులో ఒక సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా ఉంది. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. మొదటి రోజే అక్కా అని పిలిచాను, ఆమె వద్దనలేదు.

ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయంలో లాలో పైచదువుకు ఆమె దరఖాస్తు పెడుతోంది. ఫారం నిండా ప్రశ్నలు. ఇంతకుముందు ఏం చదివావు, ఎందుకు మా దగ్గరికే రావాలనుకుంటున్నావు, తిరిగి వెళ్ళి ఏం చేస్తావు. ఆ ఆఖరి ప్రశ్నకు ఆమె సొంత చేతిరాతతో రాసి తెచ్చిన జవాబును నేను కొట్టాను. తమ ఊళ్ళో కూడా లా కాలేజీ పెడతారని అనుకుంటున్నారని, అందులో పాఠం చెప్పాలని తన కోరిక అని అందులో ఉంది. నాకు అర్థం కాక అడిగాను.

"పాఠం చెప్పాలంటే అంత దూరం యాలక్కా?"

"కోర్టు కచేరిలో నా నోరు యాడ తెరవనిస్తారప్పా? కక్షిదారుల బిడ్డ ఏడిస్తే ఎత్తుకొమ్మంటారు. వాదన మాత్రం మగవాళ్ళకి. ఆ పట్టా ఒకటి ఉంటే కాలేజీలో కూర్చోబెట్టి వినిపించొచ్చు. అప్పుడు వాళ్ళు వినాల."

నవ్వుతూనే చెప్పింది. నవ్వు అయిపోయాక గొడుగు కొనను నేలకు ఆనించి చాలాసేపు దానివంకే చూసింది. ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయని, ఈ ఏడు సీటు రాకపోతే మరో ఏడు ఎవరూ ఆగరని తరవాత ఎప్పుడో తెలిసింది.

విశ్వవిద్యాలయం వాళ్ళు మూడు సిఫారసు ఉత్తరాలు అడిగారు. వాటిని అభ్యర్థి చూడకూడదు. సంతకం చేసినవారే కవరు అంటించి ఇవ్వాలి. ఆమె ముగ్గురిని అడిగింది. చిన్నప్పుడు చదివిన బళ్ళో ప్రధానోపాధ్యాయిని, తన సీనియర్ లాయరు, బసవనగుడిలో ఉండే ఒక రిటైరైన జడ్జిగారు. ఈయన ఏడాది కిందట ఒక సభలో ఆమె మాట్లాడగా విని, ఇంటికి పిలిచి పుస్తకాలు ఇచ్చినవాడు. ముగ్గురూ ఒకే మాట అన్నారు, కొట్టించుకుని రమ్మని.

"నా గురించి నేనే ఎట్ల పొగుడుకునేదప్పా? నాకి సిగ్గు. నువ్వే చూసి రాయి. నేను చదవకూడదు, చదవను" అని, ఆ ముగ్గురి హోదాలు రాసిన చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం సన్నని జల్లు పడుతోంది. సందులో జట్కా గుర్రం తడుస్తూ నిలబడి ఉంది. ముందుగా కవర్ల మీద విలాసం కొట్టాను. ఆ ఊరి పేరు కొట్టగానే నా మనసు ఓడెక్కింది. సముద్రం నేను చూడలేదు, అందుకని సర్జాపుర దారిలోని పొగమంచునే నీళ్ళుగా మార్చుకున్నాను. దాని మీద ఓడ, ఓడ చివర అక్క, చేతిలో గొడుగు. అక్కడ మంచు పడుతుందట, ఇంటి కప్పులు తెల్లగా ఉంటాయట. అలా వెళ్ళి ఆ విశ్వవిద్యాలయపు రాతిమెట్ల మీద ఆమె వెనకే నిలబడ్డాను. వేళ్ళు ఇక్కడ వాటి పని అవి చేస్తున్నాయి. నోటుబుక్కు తెరవనక్కర్లేదు, వాటికి కంఠతా వచ్చు. వరుస చివర మెషీన్ గంట మోగినప్పుడల్లా చెయ్యి దానంతట అదే వరుస మారుస్తోంది. మెలకువ వచ్చేసరికి మూడు ఉత్తరాలూ తయారయ్యాయి. తప్పులున్నాయేమో అని చూశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. చాలా సంతోషపడ్డాను.

ఆమె వాటిని మడిచి, చూడకుండానే తీసుకువెళ్ళింది. ముగ్గురూ చదవకుండానే సంతకం పెట్టారు. కవర్లు అంటించారు. విమానం టపాలో వెళ్ళిపోయాయి.

ఐదారు వారాల తరవాత, మళ్ళీ ఒక జల్లు మధ్యాహ్నమే, ఆమె వచ్చింది. కోటు తడిసింది. గొడుగు చేతిలోనే ఉన్నా తెరవలేదు. యజమాని 'రామ్మా లాయరమ్మా' అని కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. సంచిలోంచి ఒక ఉత్తరం తీసి, నెమ్మదిగా, తెలుగులో చెబుతూ చదివింది.

విశ్వవిద్యాలయం కార్యదర్శి రాసినది అది. మూడు సిఫారసులూ ఒకే యంత్రం మీద కొట్టినట్టు కనిపిస్తున్నాయి, మూడింటిలోనూ చిన్న 'జి'కి తోక లేదు. మూడూ ఒకే వాక్యంతో మొదలవుతున్నాయి. ముగ్గురూ మిమ్మల్ని పదేళ్ళుగా ఎరుగుదుమంటున్నారు. ఇందులో ఒకరి దగ్గర మీరు రెండేళ్ళుగానే పనిచేస్తున్నట్టు మీ ఫారంలో మీరే రాశారు. ఈ నెలాఖరులోగా సరైన వివరణ అందకపోతే దరఖాస్తు కొట్టివేస్తాము, ఈ సంగతి మీ కోర్టుకు కూడా తెలియజేయవలసి వస్తుంది.

సీటు ఒకటే కాదు, ఆ ఉత్తరం కోర్టుకు వస్తే ఆమె నల్లకోటు కూడా పోతుంది. దొంగ కాగితాలు సృష్టించిన లాయరు అన్న ముద్ర పడ్డాక ఆడమనిషికి ఈ ఊళ్ళో బతుకెక్కడిది. కుర్చీలోంచి లేచాను. ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

"పదేండ్ల కింద నేను లంగా కట్టుకుని బడికి పోతాన్నానప్పా. జడ్జిగారు నన్ను యాడ చూసింటారు?" అంది, అంతే.

యజమాని తేరుకున్నాడు. ఆయనకు దారి తోచడం ఎప్పుడూ ఆలస్యం కాదు.

"దీనికి అంత దిగులు యాల తల్లీ. కంటోన్మెంటు దండులో మావాని దగ్గర మెషీన్ ఉండాది, మిల్లుకాడ ఇంకొకటి ఉండాది. మూడు ఉత్తరాలు మూడు చోట్ల కొట్టిద్దాం. మాటలు మార్చి, యేండ్లు సరిచేసి. ముందరివి పొరపాటున పోయినాయని రాసేద్దాం. పెద్దోళ్ళు సంతకం పెట్టకపోతారా?"

మూడు మెషీన్లు, మూడు రకాల కాగితం. నాకు ఆ మాట అమృతంలా వినిపించింది. అప్పుడే వెళ్ళి మిల్లు దగ్గరి మెషీన్ ముందు కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఇంతవరకూ జరిగింది అందరూ చేసే వాడిక. ఇప్పుడు మీరు చెప్పేది చేస్తే నిజంగానే ఫోర్జరీ అయితాది" అంది ఆమె. తరవాత నావైపు తిరిగింది. "ఏం జరిగిందో జరిగినట్టు అఫిడవిట్ రాయాల. రాయగలిగింది నువ్వొక్కడివే. రాస్తావా?"

యజమాని మొహం నల్లబడింది. "నా అంగడి గుట్టు సీమదొరలకి రాసి పంపుతాడా? ఇన్నేండ్లు ఇట్లనే నడిచింది. రేపు ఈ సంగతి కచేరిలో తెలిస్తే ఏ పెద్దమనిషి మొహం చూపిస్తాడు? రాస్తే నీకి ఇక్కడ పని లేదప్పా, చెప్పినా."

నేను తల గోక్కున్నాను. ఇంట్లో నా సంపాదన ఒక్కటే. అయినా ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది అదేమీ కాదు. ఆ మధ్యాహ్నం నేను ఎక్కిన ఓడ గుర్తొచ్చింది. ఆమె దగ్గర దొంగిలించిన ప్రయాణం అది. ఆమె వెళ్ళవలసిన చోటికి నేను కలలో హాయిగా వెళ్ళొచ్చి, ఆమెను ఒడ్డునే దించేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"రాస్తానక్కా. ముందర జడ్జిగారికి నేనే చెప్తా" అన్నాను.

ఆ సాయంత్రమే బసవనగుడి వెళ్ళాం. జల్లు వెలిసింది. ఆ ఇంటి వరండాలో జడ్జిగారు శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు. చాలా పెద్దవారు, పలచటి మనిషి. ఇంట్లో మాటలు మా ప్రాంతపు తెలుగే. నేను నిలబడే మొత్తం చెప్పాను. మెషీన్, నోటుబుక్కు, పదేళ్ళు, ఓడ కూడా. ఓడ సంగతి ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. ఆయన కార్యదర్శి ఉత్తరం అడిగి తీసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా, పెదవులు కదుపుతూ చదివారు. వరండా చూరు నుంచి నీటిచుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆయన కాగితం వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"నా కచేరికి ఎంతోమంది వస్తాండ్రి" అన్నారు చివరికి, మమ్మల్ని చూడకుండా. "రైతులు, ముసలమ్మలు. 'దొరా, నాకి చదవను రాదు, వేలిముద్ర వెయ్యమంటే వేసినా' అని ఏడుస్తాండ్రి. నేనేమంటాంటినో తెల్సునా? వేసినావు కదా, వేసినాక నీదే, అని రాసి పంపిస్తాంటిని. నాకి చదవను వస్తాది. అయినా చదవకుండా పెట్టినా."

అక్క ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"నువ్వు సమర్థించొద్దమ్మా. కలం, కాగితం అందియ్యి."

సొంత చేత్తో రాశారు. ఒక్కో మాటకూ ఆగుతూ, రెండు పేజీలు రాయడానికి దీపాలు పెట్టే వేళ అయింది. ఈమెను ఏడాదిగా మాత్రమే ఎరుగుదును, ముందు పంపిన ఉత్తరాన్ని చదవకుండా సంతకం చేశాను, ఆ తప్పు నాది, ఈమెది కాదు అని మొదలుపెట్టారు. మిగిలినది నాకు చూపించలేదు. కవరు అంటించే ముందు మాత్రం, "ఈసారి చదివినా" అన్నారు. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

జడ్జిగారే రాసిచ్చారని తెలిశాక సీనియర్ లాయరు కూడా సొంత చేత్తో రాసిచ్చాడు. ప్రధానోపాధ్యాయిని అయితే నాలుగు పేజీలు రాసింది. అసలు ఆమె ఒక్కరికే పదేళ్ళ మాట నిజం.

మర్నాడు పొద్దున అంగడికి వెళ్ళాను, నా టిఫిను డబ్బా, తువ్వాలు తెచ్చుకుందామని. నా వెనకే అక్క వచ్చింది, అఫిడవిట్ చిత్తుప్రతి పట్టుకుని. వేరే చోట కొట్టిద్దామా అని అడిగాను.

"కాదప్పా. ఇదే మెషీన్ మీద కొట్టాల. వాళ్ళు పక్కన పెట్టి పోల్చి చూసుకుంటారు. తోక లేని జి మనకి సాక్షి."

యజమాని మమ్మల్ని చూసి లేచాడు. గెంటేస్తాడనుకున్నాను. బీరువా తెరిచి, ఎక్కడో అడుగున గుడ్డలో చుట్టి దాచిన కొత్త రిబ్బన్ తీశాడు. యుద్ధం రోజుల నుంచి దాచుకున్నది, ఎంత పెద్ద పనికీ బయటికి తియ్యనిది. నన్ను పక్కకు జరగమని, ఆయనే మెషీన్‌కు ఎక్కించాడు.

"పాత రిబ్బన్‌లో సరిగ్గా కనబడదు" అన్నాడు గొణుగుతూ. "తోక తెగింది బాగా కనబడాల కదా." కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. నల్ల నోటుబుక్కు ఆ తరవాత ఎక్కడా కనిపించలేదు. నేనూ అడగలేదు.

నా గురించి నేను టైపు కొట్టుకున్న మొదటి కాగితం అది. ఫలానావాడి కొడుకును, సర్జాపుర కాపురస్తుణ్ణి, ఆ మూడు ఉత్తరాలూ నేనే కల్పించి కొట్టాను, పదేళ్ళన్నది అలవాటు కొద్దీ వేసిన మాట, దరఖాస్తుదారు వాటిని చదవలేదు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాను. ఆ రోజు కలలేమీ రాలేదు. ఒక్కో అక్షరం వంక చూస్తూ కొట్టాను.

జవాబు నెలాఖరు దాటాక వచ్చింది. ఆ రోజులెలా గడిచాయో చెప్పలేను. అక్క అంగడి ముందు నుంచి కోర్టుకు వెళ్తూ తల అడ్డంగా ఊపేది, ఇంకా రాలేదని. ఒకరోజు ఊపలేదు, లోపలికి వచ్చింది. కార్యదర్శి రాసినది మూడే వాక్యాలు. వివరణ అందింది. ప్రవేశం ఇస్తున్నాం. జడ్జిగారి ఉత్తరాన్ని మా ఆచార్యులందరూ చదివారు. యజమాని ఆ మూడు వాక్యాలనూ మూడుసార్లు చెప్పించుకుని, సందు చివర నుంచి అందరికీ కాఫీ తెప్పించాడు.

కంటోన్మెంటు స్టేషన్‌లో ఆమెను బొంబాయి బండి ఎక్కించడానికి నేనూ యజమానీ వెళ్ళాం. పొద్దున్నే, మంచు. బండి కదిలాక పెట్టెలు ఒక్కొక్కటే ఆ తెలుపులోకి వెళ్ళిపోయాయి. కలలో నేను చూసింది కొంచెం ఇలాగే ఉండేది, కాకపోతే ఈసారి నేను ఒడ్డున ఉన్నాను. అదే సరైన చోటు అనిపించింది.

ఆమె తిరిగొచ్చింది. అప్పటికి బెంగళూరులో లా కాలేజీ వచ్చింది. అందులో సాక్ష్యాల చట్టం పాఠం చెప్పేది. ప్రతి ఏడూ ఒక రోజు నన్ను తరగతికి పిలిపించి, సాక్షిగా నిలబెట్టి, పిల్లలచేత ప్రశ్నలు అడిగించేది. ఏ ఏడూ నన్ను వదిలిపెట్టలేదు వాళ్ళు. పదేళ్ళు అని ఎందుకు వేశావు, ఎనిమిది అని ఎందుకు వెయ్యలేదు అని ఒక కుర్రాడు అడిగితే జవాబు చెప్పలేక నిలబడ్డాను. అక్క వెనక బెంచీలో కూర్చుని నవ్వుతోంది.

యజమాని పోయాక అంగడి, మెషీన్ నా చేతికి వచ్చాయి. 'జి' తోక నేనూ బాగు చేయించలేదు. ఒక సాయంత్రం అక్క వచ్చి కూర్చుంది. జుట్టులో అక్కడక్కడ తెలుపు. కాలేజీకి ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయిందని, దరఖాస్తు పెడుతున్నానని చెప్పింది.

"మూడు ఉత్తరాలు అడిగినారు. పెద్దోళ్ళవి రెండు ఉండాయి, సొంత చేత్తో రాసిచ్చినారు. మూడోది నీది కావాల."

"నేనా? నాదెవరు చూస్తారక్కా?"

"చూడనీలే. నువ్వు రాయి. సంతకం నువ్వే పెట్టు."

కాగితం ఎక్కించాను. ఆమె వీధివైపు తిరిగి కూర్చుంది, చూడకూడదు కాబట్టి. బయట సన్నని జల్లు మొదలైంది. ఏం రాయాలా అని ఆలోచించేలోపే వేళ్ళు మొదటి వాక్యం కొట్టేశాయి. వీరిని నేను గత పదేళ్ళుగా బాగా ఎరుగుదును. చూసి ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాను. తరవాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. తెల్లచీర, నల్లకోటు, గొడుగుతో ఆమె మొదటిసారి ఈ గడప ఎక్కిన రోజు నుంచి, ఒక్కో ఏడూ, నెమ్మదిగా.

"ఏమప్పా, నిలిపేస్తివి?" అంది ఆమె, తిరగకుండానే.

"ఏం లేదక్కా" అన్నాను. "సరిగ్గానే ఉండాది."

మిగిలినది కొట్టాను. కాగితం బయటికి తీసి, మొదటి నుంచి ఆఖరి దాకా రెండుసార్లు చదివి, సంతకం పెట్టాను.